ఆపద గదికి మూడు షరతులు

మా ఇంట్లో వంటింటిని ఆనుకుని ఒక చిన్న గది ఉండేది. పొడవు తొమ్మిదడుగులు, వెడల్పు ఏడు. నేను దాన్ని సామాన్ల గది అనేదాన్ని. మా ఆయన ఆపద గది అనేవారు. ఎగతాళికి పెట్టిన పేరే ఎప్పుడూ నిలుస్తుంది కాబట్టి చివరికి పాలు పోసే ఆమె కూడా ఆపద గది అనే అనేది.

ఇదంతా తొంభైల నాటి సంగతి. సంవత్సరం రాయవద్దని మా అమ్మాయి షరతు పెట్టింది. రాస్తే తన వయసు లెక్క కట్టేస్తారట. తేదీ, వారం రెండూ ఒకచోట రాసినా క్యాలెండరు చూసి కనిపెట్టేస్తారంది. అందుకని ఒకచోట తేదీ ఇస్తే వారం దాచిపెడతాను, వారం ఇస్తే తేదీ దాచిపెడతాను. నా నోటుపుస్తకంలో మాత్రం రెండూ ఉన్నాయి.

తిరుపతిలో ఆ ఇల్లు కట్టించేటప్పుడు ఆ గది నేల మిగతా ఇంటికన్నా పదహారంగుళాలు కిందికి దించమని నేనే చెప్పాను. లోపలికి రెండు మెట్లు దిగాలి. నేను పుట్టిందీ పెరిగిందీ పుంగనూరు వైపు పల్లెలో. మా నాయన జొన్నలు, రాగులు నేలలో తవ్విన పాతరలో పోసి మూసేవాడు. నేల కింద చల్లగా ఉంటుంది, పురుగు పట్టదు. మాకు ఆపద అంటే ఒక్కటే, వాన రాకపోవడం. వస్తానని కబురు చేసి రాని చుట్టంలాంటిది మా వాన. అందుకే దిగువన, చల్లగా, చీకటిగా దాచడమే జాగ్రత్త అని నా బుర్రలో పడిపోయింది.

"అమ్మా, గది పల్లంలో ఉంటే వాననీళ్లు చేరతాయి" అన్నాడు మేస్త్రీ.

"వాన యాడుండాది లేప్పా, నువ్వు మెట్లు కట్టు" అన్నాను.

గది కడిగిన నీళ్లు పోవడానికి గోడ అడుగున ఒక తూము పెట్టించాను. అది బయట వీధి కాలువలోకి తెరుచుకునేది.

ఇంట్లో మేం నలుగురం. మా ఆయన హైస్కూల్లో సాంఘిక శాస్త్రం చెప్పేవారు. మా అత్తగారికి అప్పటికి డెబ్బై ఎనిమిది. మా అమ్మాయి ఇంటరు రెండో సంవత్సరం. నలుగురికి పది రోజులు సరిపడేలా గది నింపాను. నలుగురు పది రోజులంటే నలభై తిండ్లు. తిండికి పావు కిలో చొప్పున బియ్యం పది కిలోలు. రాగిపిండి ఎనిమిది, కందిపప్పు మూడు, ఉలవలు నాలుగు. బెల్లం, చింతపండు, వేయించిన వేరుశనగపప్పు, మూత గట్టి డబ్బాల్లో బొరుగులు, మామిడి ఒరుగులు, గోరుచిక్కుడు ఒరుగులు. తాగే నీళ్లు మనిషికి రోజుకు ఐదు లీటర్లని, వంద లీటర్ల డ్రమ్ములు రెండు. ఆ నీళ్లు ప్రతి ఆదివారం మార్చేదాన్ని. రెండు లాంతర్లు, కిరోసిన్ స్టవ్, పది లీటర్ల క్యానుతో కిరోసిన్, బొగ్గుల మూట, పాలపొడి డబ్బాలో అగ్గిపెట్టెలు, గడ్డపార, పార, ముప్పై గజాల తాడు. బావిలో చేద పడితే పైకి తీసే ఇనుప గాలం కూడా ఒకటి మేకుకు తగిలించి ఉండేది. ఇంటికి బావి లేదు. కానీ గాలం ఉంది.

ప్రతి డబ్బా మీదా కాగితం అంటించి, పోసిన తేదీ, తీయాల్సిన తేదీ రాసేదాన్ని. నెల మొదటి తారీకున పాత సరుకు వంటింట్లోకి, కొత్త సరుకు ఆ గదిలోకి. మా ఆయనకు అదే కడుపుమంట.

"ఏమ్మే, ఈ ఇంట్లో కొత్త సరుకు తినే యోగం ఎవరికన్నా ఉండాదా? రాని ఆపద ఎంగిలంతా మనం తింటా ఉండాం" అనేవారు కంచం ముందు కూర్చుని.

అసలు సంగతి మా అమ్మాయిది. తిరుపతిలో ఇల్లు కట్టుకున్నవాళ్ల గతి అందరికీ తెలిసిందే. కొండకు పోయే మెట్లు మన గుమ్మం నుంచే మొదలవుతాయని చుట్టాల నమ్మకం. ఆ జులై నెలలో ముప్పై ఒక్క రాత్రుల్లో పంతొమ్మిది రాత్రులు మా హాల్లో ఎవరో ఒకరు పడుకున్నారు. ఇది నోటుపుస్తకంలో చూసి రాస్తున్న అంకె. ఉన్నవి రెండు పడకగదులు: ఒకటి మాది, ఒకటి అత్తగారిది. అమ్మాయి చదువు హాల్లో, చాపల మధ్య. వేసవిలో వచ్చే ఎంట్రన్సు పరీక్షకు కూర్చోవాలి. తలుపు వేసుకుని చదువుకునే చోటు ఒక్కటి కావాలంది. ఇంటి మొత్తంలో అలాంటి చోటు ఆ గది ఒక్కటే.

ఆగస్టు పదిహేనున మా ఆయన బడిలో జెండా ఎగరేసి, చాక్లెట్లు జేబులో వేసుకుని వచ్చారు. అమ్మాయి ఆయన ఎదురుగా ఒక కాగితం పెట్టింది.

"నాయనా, నువ్వే చెప్పు. ఆ గదిలో రాగిపిండి పడుకోనుండాది, నేను గుమ్మంలో కూర్చోనుండాను. ఈ ఇంట్లో ఆడబిడ్డ ఎవరు?"

"రాగిపిండే" అన్నారాయన. "దానికి పుట్టినరోజు కూడా రాసి పెట్టుండాది మీ అమ్మ."

కాగితంలో ఉన్నదేమిటంటే, డిసెంబరు ముప్పై ఒకటిలోగా ఆ సామాను నిజమైన ఆపదలో పనికిరాకపోతే గది అమ్మాయిది. పనికొస్తే ఆమె ఇంకెప్పుడూ గది అడగకూడదు. నాకు నా లెక్కల మీద నమ్మకం. సంతకం పెట్టాను. కానీ ఏది నిజమైన ఆపద? గెలవడానికి నేను అగ్గిపుల్ల అయిపోయిందని తలుపు తీస్తానేమోనని ఆమె అనుమానం. అందుకని మూడు షరతులు రాసింది. ఒకటి, వీధి చివరి అంగడి మూసి ఉండాలి. రెండు, కరెంటు పోయి ఆరు గంటలు దాటాలి. మూడు, బస్టాండు దారి తెగిపోవాలి. మూడూ ఒకేసారి ఉంటేనే ఆపద. మా ఆయన న్యాయమూర్తి. కాగితం ఆ గది తలుపుకే అంటించారు.

అప్పటి నుంచి నేనే ఆ కాగితానికి అందరికన్నా గట్టి కాపలా. అక్టోబరులో ఒక మధ్యాహ్నం చెప్పకుండా ఎనిమిది మంది దిగారు. వంటింట్లో కందిపప్పు గుప్పెడు. మా ఆయన మెల్లగా వచ్చి తలుపు దగ్గర నిలబడ్డారు.

"పప్పు లేదు, ఎనిమిది మంది ఉండారు. ఇది ఆపద కాదంటావా?"

"అంగడి తెరిచుండాది. సంచి ఆడుండాది. పొండి" అన్నాను.

ఆయన ఎండలో పోతూ పోతూ, "అమ్మలూ, మీ అమ్మ నీ పక్కనే ఉన్నట్టుండాదే" అని కేకేశారు.

నవంబరు రెండో వారం, బుధవారం సాయంత్రం మా ఆడబిడ్డ వాళ్లు కొండ దిగి వచ్చారు. ఆమె మా ఆయనకు అక్క. నగరిలో మరమగ్గాలున్న ఇల్లు. తొమ్మిది మంది. వాళ్లలో ఏడుగురివి గుండ్లు. మరునాడు పొద్దున్నే నగరికి పోవాల్సినవాళ్లు. బుధవారం రాత్రి మొదలైన వాన గురువారమంతా దంచింది. గురువారం పొద్దున పదకొండుకు కరెంటు పోయింది. బస్సులు తిరగడం లేదన్నారు, రైళ్లు రేణిగుంటలోనే ఆగిపోయాయన్నారు. గురువారం రాత్రికి వంటింట్లో ఉన్నదంతా ఊడ్చి పదమూడు మందికి వండి పెట్టాను. శుక్రవారం పొద్దున ఎనిమిదికి నా వంటింట్లో ఉన్నది ఉప్పు, పసుపు, సగం నిమ్మకాయ.

మా ఆయన గొడుగు వేసుకుని బస్టాండు వైపు పోయి, గొడుగు లేకుండా తిరిగి వచ్చారు.

"దారిలో నడుం లోతు నీళ్లు. మూడో షరతు సరి" అన్నారు తల తుడుచుకుంటూ. "కరెంటు పోయి ఇరవై ఒక్క గంట. రెండోది సరి. ఇంక మిగిలింది అంగడి."

అమ్మాయి అప్పటికే లంగా ఎత్తి కట్టుకుని వీధిలోకి దిగింది. పది నిమిషాల్లో తిరిగి వచ్చింది. ముఖం వెలిగిపోతోంది.

"తెరిచుండాది!"

"ఎంత తెరిచుండాది?" అన్నాను.

"షట్టరు మోకాలి దాకా లేపుండాడు."

"లోపల ఏముండాది?"

"అంగడాయన ఉండాడు."

"సరుకు ఏముండాదని అడగతా ఉండా."

"ఊదొత్తులు, షాంపూ ప్యాకెట్లు, గోళీ బిళ్లలు" అంది గొంతు తగ్గించి. "కానీ తెరిచుండాది కదా. కాగితంలో అంగడి మూసుండాలనే ఉండాది, బియ్యం అయిపోయుండాలని లేదు."

న్యాయమూర్తి కళ్లద్దాలు పెట్టుకుని కాగితం చదివారు. "అంతే. తెరిచుంటే తెరిచున్నట్టే. మీ అమ్మ సంతకం ఉండాది."

మా ఆడబిడ్డకు ఓపిక పోయింది. "ఏందిరా తమ్ముడూ ఇది? ఏడు గుండ్లు ఆకలితో కూర్చోనుంటే మీరు కోర్టు పెట్టినారా? ఊదొత్తులు నమలమంటావా?"

"అక్కా, తీర్పు నాది కాదు, కాగితానిది."

"మే, నువ్వన్నా చెప్పు" అంది నా వైపు తిరిగి.

నేనేం చెప్తాను? అమ్మాయి చెప్పింది న్యాయమే. నేను సంతకం పెట్టినదాన్ని. అంగడాయన షట్టరు దించేదాకా ఆగుదాం అన్నాను. ఆ మాట అన్నందుకు ఆమె ఇప్పటికీ నన్ను పెళ్లిళ్లలో పదిమందిలో సాధిస్తూ ఉంటుంది.

అలా తలుపు ముందు మేం నలుగురం వాదించుకుంటూ ఉండగా మా అత్తగారు మంచం మీద నుంచే, "మీ అరుపులకేం గానీ, గదిలో నుంచి ఎవరో తలుపు తట్టతా ఉండారు, సూడండి" అంది.

ఆమెకు చెవులు సరిగా వినపడవు కనుక ఎవరూ పట్టించుకోలేదు. మళ్లీ అంది. మా ఆయన మాట ఆపారు. అప్పుడు మాకూ వినపడింది. టక్, టక్ మని, మెల్లగా, తలుపుకు కొంచెం కింద.

కొంగున ఉన్న తాళంచెవితో తీశాను. పది లీటర్ల కిరోసిన్ క్యాను పై మెట్టుకు కొట్టుకుంటూ తేలుతోంది. దాని వెనక ఒక చెప్పు, రెండు ఉల్లిపాయలు, బొగ్గుల మూట తాలూకు నల్లటి తెట్టు. వీధి కాలువ పొంగి, నీళ్లు నేను పెట్టించిన తూములోంచే లోపలికి వచ్చాయి. హాల్లో చుక్క లేదు. వంటింట్లో చుక్క లేదు. ఇంటి మొత్తానికి మునిగింది ఆపద గది ఒక్కటే.

మా ఆయన తొంగి చూసి, "నీళ్లకు కరువొస్తుందని డ్రమ్ముల్లో దాచినావు. వాటి అక్కచెల్లెళ్లు సూసి పోదామని వచ్చినట్టుండాయి" అన్నారు.

నాకు నవ్వు రాలేదు. మెట్లు దిగాను. స్కేలుతో కొలిస్తే పదకొండు అంగుళాలు. కింది అరలో రాగిపిండి మూట అప్పటికే అంబలైపోయింది. ఉలవలు నానాయి. పై అరలు పొడిగానే ఉన్నాయి. డ్రమ్ముల మూతలు నీటికి చాలా ఎత్తులో ఉన్నాయి. కానీ నీళ్లు ఎక్కుతూనే ఉన్నాయి. ఇంకో ఐదంగుళాలు ఎక్కితే హాల్లోకి వస్తాయి. హాల్లో చాపల మీద మా ఆడబిడ్డ మనవడు, ఎనిమిది నెలలవాడు, పడుకుని ఉన్నాడు.

వాళ్లు మగ్గాల ఇంటివాళ్లు కదా, చెప్పకుండానే వరసగా నిలబడ్డారు. డబ్బాలు చేతి నుంచి చేతికి పోయి, గంటలో హాల్లోకి, మంచాల కిందికి, అటక మీదికి చేరాయి. నేను వంటింటి గట్టు మీద కూర్చుని ఒక్కొక్కటీ రాసుకున్నాను. ముప్పై ఒకటి. డ్రమ్ములు మాత్రం కదల్లేదు.

తూముకు బయట, కాలువలో ఏదో అడ్డుపడిందని మా ఆయన చూసి వచ్చారు. గోనెసంచి, దానికి చుట్టుకుని ప్లాస్టిక్ కవర్లు. వెదురు కర్రతో పొడిస్తే ఇంకా లోపలికి దిగుతోంది. పైకి లాగాలి. చేతికి అందదు.

అమ్మాయి గది లోపలికి చూస్తూ ఉంది. మేకుకు తగిలించిన గాలాన్ని చూస్తోందని నాకు తెలిసింది. ఆయనకూ తెలిసింది.

"అమ్మలూ, అంగడి ఇంకా తెరిచే ఉండాది" అన్నారాయన నవ్వకుండా. "ఆ గాలం ముట్టుకున్నావంటే ఆ గదికి పనుండాదని నువ్వే ఒప్పుకున్నట్టు."

"తెలుసు నాయనా. జరుగు."

నీళ్లలో దిగి, గాలం తీసుకుని, దానికి తాడు ముడేసుకుంటూ వానలోకి పోయింది. నేను కిటికీలోంచి చూశాను. మూడుసార్లు విసిరింది, పట్టలేదు. నాలుగోసారి పట్టింది. ఆమె, ఆయన, ఇద్దరు గుండ్లవాళ్లు కలిసి లాగితే గోనెసంచి పైకి వచ్చింది. దాని వెనకే కాలువ బుడబుడమని కదిలింది. పన్నెండు గంటలకు గదిలో నీళ్లు నాలుగు అంగుళాలు.

ఆ తర్వాత షట్టరు గురించి ఎవరూ అడగలేదు. వండాను. నలభై తిండ్లను పదమూడు మందికి పంచితే మూడు రోజులు వస్తుంది. ఒక మనిషికి ఒక రోజు తిండి మిగులుతుంది. ఈ లెక్క అందరికీ చెప్పాను. రాగిపిండి పోయిన లోటు బొరుగులతో, వేరుశనగపప్పుతో సరిపెట్టాను.

"ఆ మిగిలిన మనిషి నేనే" అన్నారు మా ఆయన.

నానిన ఉలవలు వాననీళ్లలో పదిసార్లు కడిగి ఉడికిస్తే గుగ్గిళ్లయ్యాయి. గోరుచిక్కుడు ఒరుగులు పులుసయ్యాయి. తాగే నీళ్ల కోసం పొద్దునా సాయంత్రం చీలమండల లోతు మురికినీళ్లలో నిలబడి డ్రమ్ములో చెంబు ముంచుకున్నాం. మా ఆడబిడ్డ అది చూసి, "మే, నీళ్లలో నిలబడి నీళ్లు దాచుకునేదాన్ని నిన్నే సూసినా" అంది. కానీ వీధిలో కుళాయి నీళ్లు మూడు రోజులు బురదరంగులో వచ్చాయి. మా ఇంట్లో ఎవరికీ కడుపు చెడలేదు.

చదువు మాత్రం సాగలేదు. లాంతరు ముందు అమ్మాయి ఫిజిక్సు పుస్తకం తెరిస్తే చుట్టూ పన్నెండు మంది.

"అత్తా, కొంచెం మెల్లగా మాట్లాడండి."

"సదువుకో తల్లీ, మేమేం నీ కండ్లు మూస్తా ఉండామా?" అంది మా ఆడబిడ్డ, అంతకన్నా గట్టిగా.

అమ్మాయి పుస్తకం మూసి, ఆ ఎనిమిది నెలలవాణ్ని ఎత్తుకుంది. ఆ మూడు రోజులూ గది మాట ఎత్తలేదు.

సోమవారం పొద్దున బస్సులు కదిలాయి. చుట్టాలు పోయారు. గది కడిగి, తలుపు తీసిపెట్టి ఆరబెట్టాం. మా ఆయన తలుపు మీద కాగితం పీకి నా చేతిలో పెట్టారు.

"గెల్చినావు మే. ఒప్పుకుంటా ఉండా" అన్నారు. ఆ ఒక్కసారీ ఎగతాళి లేదు.

నేను వంటింట్లో ఉండగా హాల్లో చప్పుడయింది. చూస్తే అమ్మాయి మంచం కింది నుంచి డబ్బాలు లాగి, ఒక్కొక్కటే మోసుకుపోయి గదిలో పై అరలో సర్దుతోంది. నేను రాసిన వరసలోనే. కాగితాలు బయటికి కనపడేలా తిప్పి మరీ. ఎవరూ చెప్పలేదు. ఓడిన మనిషి చేయాల్సిన పని అనుకుని చేస్తోంది. ముఖంలో ఏమీ లేదు, అదే నాకు కష్టంగా అనిపించింది.

నోటుపుస్తకం తెచ్చుకుని గడప మీద కూర్చున్నాను. ఒక పక్కన పనికొచ్చినవి రాశాను: ముప్పై ఒక్క డబ్బాలూ, రెండు డ్రమ్ములూ, లాంతర్లూ, స్టవ్, తాడూ, గాలమూ. ఇంకో పక్కన పోయినవి: రాగిపిండి, బొగ్గులు, రెండు ఉల్లిపాయలు, నా పరువు. తర్వాత ఇంకో ప్రశ్న వేసుకున్నాను. ఆ ముప్పై ఒకటీ మూడు రోజులు ఎక్కడున్నాయి? మంచాల కింద, అటక మీద. పదమూడు మంది తిరుగుతున్న ఇంట్లో ఒక్కరి కాలికీ అడ్డం రాలేదు. పోయినవన్నీ ఎక్కడ పోయాయి? గదిలో. సామాను పనికొచ్చింది. గది ఒక్క పని చేసింది, నీళ్లను పట్టుకుని ఉంచింది.

అమ్మాయి ఏడో డబ్బా మోసుకొస్తోంది.

"ఆడ పెట్టొద్దు" అన్నాను. "దాన్నీ, పెట్టినవాటినీ మంచం కిందికి తీస్కపో."

"ఎందుకు?"

"కాగితంలో ఏం రాసినావు? సామాను పనికొస్తే అని. గది పనికొస్తే అని రాయలేదు. సామాను గెల్చింది. గది ఓడింది. ఓడినదాన్ని నీకిస్తా ఉండా."

డబ్బా చంకలో పెట్టుకుని అలాగే నిలబడింది. "అయితే కాగితంలో తప్పుండాదా?"

"రాసింది నువ్వే కదా. ఉంటుంది."

కుర్చీలో నుంచి మా ఆయన, "న్యాయమూర్తిని ఎవరూ అడగలేదే!" అన్నారు. ఎవరూ అడగలేదు.

ఆ వారంలోనే తూము మూయించి, పదహారు అంగుళాలూ రాళ్లు, ఇసుక పోయించి, నేల హాలుతో సమం చేయించాం. పై కప్పు కొంచెం నెత్తి మీదికి వచ్చింది. మా ఆయన వంగి దూరుతూ, చదువు వస్తే వినయం వస్తుందని పిల్లకు చెప్పక్కర్లేదన్నారు. మూడు గోడలకూ ఉన్న అరలు పోగా మంచం పట్టలేదు. చాప, చిన్న బల్ల పట్టాయి. ఇంగువ వాసన, ఎండుమిరపకాయల ఘాటు గోడల్లో ఉండిపోయాయి. అమ్మాయి మొదటి రెండు రోజులూ తుమ్ముతూనే లెక్కలు చేసింది.

అది సామాన్ల గది కనుక గడియ బయట మాత్రమే ఉండేది. వడ్రంగిని పిలిపించి లోపలి వైపు ఒకటి వేయించాను. నాలుగంగుళాలది. అతను పోగానే ఆమె పుస్తకాలు ఎత్తుకుని లోపలికి పోయి తలుపు వేసింది. గడియ కొత్తది, బిగుతుగా ఉంది. మొదటిసారి పడలేదు. లోపల ఆమె దాన్ని గుంజుతోంది, కొంచెం పైకెత్తి తొయ్యమని చెప్పబోయి ఊరుకున్నాను. రెండోసారీ పడలేదు. మూడోసారి పడింది.

నేను బయట నిలబడే ఉన్నాను. సాయంత్రం నాలుగూ పది అని నోటుపుస్తకంలో రాసుకున్నాను.